దోగాడే పాపాయికి తెలిసింది నడిచే పాపాయికి తెలియదు

బోర్లా పడితే బొబ్బట్లు, గడప దాటితే గారెలు, అడుగులేస్తే అరిసెలు. తెలుగిళ్లలో బిడ్డ కదలిక నేర్చిన ప్రతి మలుపుకూ ఓ పిండివంట ఉంది. వండుకుని తినాల్సిందే, ఊళ్లో పంచాల్సిందే. ఆ పూటే ఇంకో పని కూడా పెట్టుకోవాలి. బిడ్డ కొత్తగా ఏది నేర్చినా ఇంటిని మళ్లీ మొదటి నుంచి చూసుకోవాలి. పిల్లలు ఒక భంగిమలో నేర్చిన జాగ్రత్త తర్వాతి భంగిమకు వాళ్ల వెంట రాదు మరి.

ఇది పెద్దవాళ్లకు నమ్మబుద్ధి కాని సంగతి. అంచు దగ్గర ఆగాలని ఒకసారి తెలిస్తే ఎప్పటికీ తెలిసినట్టే కదా అనుకుంటాం. న్యూయార్క్ విశ్వవిద్యాలయంలో పసిపిల్లల కదలికల మీద ఏళ్ల తరబడి పనిచేస్తున్న కేరెన్ అడాల్ఫ్ దీన్ని పరీక్షించి చూశారు. తొమ్మిదిన్నర నెలల పిల్లలను రెండు ఎత్తైన బల్లల మధ్య ఉన్న ఖాళీ అంచున కూర్చోబెట్టి, అవతల బొమ్మ పెట్టారు. ఖాళీ వెడల్పు పెంచుతూ తగ్గిస్తూ పోయారు. కూర్చున్నప్పుడు పిల్లలు ఎంతవరకు వంగొచ్చో చక్కగా అంచనా వేసుకున్నారు, అందదనిపిస్తే ఊరుకున్నారు. అదే పిల్లలను, అదే ఖాళీ ముందు దోగాడే భంగిమలో ఉంచితే, దాటడం అసాధ్యమైనంత వెడల్పున్నా నేరుగా అందులోకి వెళ్లిపోయారు. పక్కనే ఉన్న పరిశోధకులు పట్టుకోబట్టి సరిపోయింది. ఆ పిల్లలకు కూర్చోవడంలో నెలల అనుభవం ఉంది, దోగాడడంలో వారాల అనుభవమే ఉంది. తేడా అంతా అక్కడే.

ఏటవాలు పలకల మీదా ఇదే జరిగింది. దోగాడే పిల్లలు మొదట్లో ఎంత నిట్టనిలువు వాలైనా దూకేసి, వారాలు గడిచేకొద్దీ ఏది దిగగలరో ఏది దిగలేరో నేర్చుకున్నారు. తీరా నడక వచ్చాక, నెల కిందట తాము జాగ్రత్తగా తప్పించుకున్న వాలు మీదికే నిటారుగా నడిచి వెళ్లారు. ఒళ్లు బరువు మోసే పద్ధతి మారిపోయింది, కాబట్టి లెక్కలన్నీ మళ్లీ మొదలు.

ఇంతకుముందే 1960లో మనస్తత్వవేత్తలు ఎలీనర్ గిబ్సన్, రిచర్డ్ వాక్ గాజు పలక కింద లోతు కనిపించే బల్ల ఒకటి చేసి, 36 మంది పిల్లలను దాని మీద పెట్టారు. కదిలిన 27 మందిలో ముగ్గురే లోతు కనిపించే వైపు వెళ్లారు. లోతంటే భయం పుట్టుకతోనే వస్తుందని చాలామంది దీన్నుంచి అర్థం తీశారు. తర్వాత మరో మనస్తత్వవేత్త జోసెఫ్ కాంపోస్ బృందం చూపించింది వేరు. ఆ వెనకడుగు వయసుతో కన్నా దోగాడిన అనుభవంతో ముడిపడి ఉంది. మంచం మీద పడుకోబెట్టి "అంచు తనకే తెలుస్తుందిలే" అనుకోవడం ఇందుకే తప్పు. నిన్న దోగాడడం మొదలెట్టిన బిడ్డకు తెలియదు.

మంచం దిగడం మాత్రం నేర్పొచ్చు. బిడ్డను బోర్లా తిప్పి, కాళ్లు అంచు వైపు పెట్టి, పొట్ట మీద జారుతూ పాదాలు నేలకు ఆనేదాకా నడుం దగ్గర పట్టుకోవాలి. ముందు నేల మీద వేసిన పరుపు మీద, ఆపైన తక్కువ ఎత్తు దివాన్ మీద. మనం చెప్పకుండానే తనంతట తాను వెనక్కి తిరిగే అలవాటు అయ్యేదాకా మంచం మీద ఒంటరిగా వదలకూడదు. అలవాటయ్యాక కూడా పరుపు నేల మీద వేసుకోవడమే మేలు.

ఏ నెలలో ఏది అన్న ప్రశ్న ప్రతి ఇంట్లోనూ పోలికలకు దారి తీస్తుంది. ప్రపంచ ఆరోగ్య సంస్థ భారత్, ఘనా, నార్వే, ఒమన్, అమెరికాల్లో ఆరోగ్యంగా ఉన్న పిల్లలను చూసి 2006లో ప్రకటించిన కొలతలు ఈ గొడవ తీర్చడానికి చాలు. ఆసరా లేకుండా కూర్చోవడానికి 3.8 నుంచి 9.2 నెలలు, చేతులు మోకాళ్ల మీద దోగాడడానికి 5.2 నుంచి 13.5, ఒంటరిగా నడవడానికి 8.2 నుంచి 17.6 నెలలు. అంటే తొమ్మిదో నెలలో నడిచిన బిడ్డా, పదిహేడో నెలలో నడిచిన బిడ్డా ఇద్దరూ మామూలే. వంద మందిలో నలుగురైదుగురు అసలు దోగాడనే లేదు, నేరుగా లేచి నిలబడ్డారు. పిర్రల మీద జరిగే పిల్లలూ ఉంటారు, వాళ్లకు నడక కాస్త ఆలస్యంగా వస్తుంది. నెలలు నిండకముందే పుట్టిన బిడ్డకు వయసును కాన్పు కావాల్సిన తేదీ నుంచి లెక్కేయాలి.

పోలికలు మానేసి చూడాల్సినవి వేరే ఉన్నాయి. తొమ్మిది నెలలు దాటినా ఆసరా లేకుండా కూర్చోకపోవడం, ఏడాది నిండకముందే ఒక్క చేతినే వాడడం, ఒక కాలు ఈడ్చడం, ఎత్తుకుంటే కాళ్లు కత్తెరలా బిగుసుకుపోవడం, ఏడాదిన్నరకు కూడా నడవకపోవడం, అన్నిటికన్నా ముఖ్యంగా అప్పటికే నేర్చిన పని మళ్లీ చేయలేకపోవడం. వీటిలో ఏది కనిపించినా పిల్లల డాక్టర్‌కు చూపించాలి. ప్రభుత్వ పిల్లల ఆరోగ్య పథకమైన రాష్ట్రీయ బాల స్వాస్థ్య కార్యక్రమం కింద జిల్లా స్థాయిలో ఇలాంటి పిల్లల కోసమే సత్వర చికిత్సా కేంద్రాలున్నాయి. అంగన్‌వాడీ టీచర్‌నో ఆశా కార్యకర్తనో అడిగితే దారి చెబుతారు. దొడ్డికాళ్లు మాత్రం రెండేళ్ల లోపు దాదాపు అందరికీ ఉండేవే. నూనె మర్దనతో అవి తిన్నగా కావు, మర్దన చేయలేదని వంకరా పోవు.

ఇక ఇల్లు. దోగాడే దశలో ప్రమాదమంతా నేల మీదే ఉంటుంది. మోకాళ్ల మీద కూర్చుని, బిడ్డ కళ్లుండే ఎత్తులో గది గది తిరిగి చూడండి. సోఫా కింద వేరుసెనగ పలుకు, చెప్పుల స్టాండు దగ్గర గుండీ, పూజ గదిలో కర్పూరం బిళ్ల, గోడ పక్కన ఎక్స్‌టెన్షన్ బోర్డు. నిలబడి చూస్తే వీటిలో ఒక్కటీ కనిపించదు. గొంతుకు అడ్డం పడే వస్తువేదో తేల్చడానికి బొమ్మల పరీక్షల్లో 31.7 మిల్లీమీటర్ల వెడల్పున్న గొట్టం వాడతారు. అందులో పూర్తిగా పట్టేదేదైనా ఆ వయసు పిల్లల చేతికి రాకూడదు. వేరుసెనగలు, సెనగలు, బఠాణీలు నాలుగేళ్లు వచ్చేదాకా గింజగా పెట్టొద్దు. పలుకు శ్వాసనాళంలోకి జారితే ఎక్కువగా కుడి ఊపిరితిత్తి వైపు పోతుంది. అటు గొట్టం వెడల్పుగా, నిటారుగా ఉంటుంది. మొదట పొలమారినంత దగ్గు వచ్చి, తర్వాత తగ్గినట్టే ఉండి, వారానికి న్యుమోనియాలా తేలుతుంది. అందుకని గింజలు తింటూ హఠాత్తుగా దగ్గిన బిడ్డ తేరుకున్నట్టు కనిపించినా డాక్టర్‌కు ఆ సంగతి చెప్పి తీరాలి.

గొంతుకు అడ్డం పడ్డప్పుడు బిడ్డ గట్టిగా దగ్గుతున్నా ఏడుస్తున్నా దగ్గనివ్వండి, గాలి ఆడుతోందన్నమాట. శబ్దం రాకపోతే క్షణం ఆగొద్దు. ఏడాది లోపు బిడ్డనైతే ముంజేతి మీద బోర్లా వేసుకుని, తల ఒంటి కన్నా కిందికి ఉండేలా పట్టుకుని, రెండు భుజాల మధ్య మణికట్టు దగ్గరి అరచేతి భాగంతో ఐదుసార్లు చరచాలి. బయటకు రాకపోతే వెల్లకిలా తిప్పి, ఛాతీ మధ్య ఎముక కింది సగం మీద ఐదుసార్లు గట్టిగా నొక్కాలి. వస్తువు ఊడేదాకా ఇవే మార్చి మార్చి చేస్తూ, ఇంకొకరిచేత 108కి ఫోన్ చేయించాలి. ఈ వయసులో పొట్ట మీద నొక్కకూడదు, కాలేయం చిట్లే ప్రమాదం ఉంది. కనిపించని వస్తువు కోసం గొంతులో వేలు పెట్టి కెలకడం అంతకన్నా చేటు, అది ఇంకా లోపలికి పోతుంది.

కూల్‌డ్రింక్ సీసాలో కిరోసిన్, ఫినాయిల్, టాయిలెట్ యాసిడ్ పోసి ఉంచే అలవాటు ఉంటే ఈ రోజే మానాలి. కిరోసిన్ తాగిన బిడ్డకు ఉప్పునీళ్లు పట్టి కక్కించడం చాలా ఊళ్లలో చేసే పొరపాటు. పల్చటి నూనె కాబట్టి కక్కేటప్పుడే ఊపిరితిత్తుల్లోకి దిగుతుంది, ప్రాణం మీదికి తెచ్చేది అదే. ఏమీ పట్టకుండా, ఆ సీసాతో సహా ఆస్పత్రికి వెళ్లాలి. కర్పూరం మింగిన పిల్లలకు నిమిషాల్లోనే ఫిట్స్ రావచ్చు. రిమోట్లలో, పాడే బొమ్మల్లో ఉండే బిళ్ల బ్యాటరీ అన్నవాహికలో ఇరుక్కుంటే రెండు గంటల్లోనే కణజాలం కాలుతుంది. బ్యాటరీ అయిపోయిందనుకున్నా ఆ కాల్చే శక్తి దానికి ఉంటుంది. నాణెం మింగిందో, బ్యాటరీ మింగిందో తెలియకపోతే బ్యాటరీ అనుకునే పరుగెత్తాలి, ఎక్స్‌రే తేలుస్తుంది.

బకెట్ గురించి విడిగా చెప్పాలి. పుట్టినప్పుడు ఒంటి పొడవులో పావు వంతు తలే, పెద్దవాళ్లలో అది ఎనిమిదో వంతు. బకెట్ అంచు పట్టుకుని తొంగి చూసిన బిడ్డ తలకిందులుగా పడితే, పైకి లేవడానికి చేతుల్లో బలం చాలదు, బకెట్ కూడా ఒరగదు. ఐదు సెంటీమీటర్ల నీళ్లు చాలు ముక్కూ నోరూ మునగడానికి. అరుపు వినిపించదు. స్నానం అయిపోగానే బకెట్ బోర్లించడం, బాత్రూమ్ తలుపుకు పైన గడియ, సంపు మూతకు తాళం, ఈ మూడూ కచ్చితంగా ఉండాలి.

పట్టుకుని నిలబడ్డం మొదలైతే ప్రమాదం పైకి ఎక్కుతుంది. ఏడాది బిడ్డ పొడవు దాదాపు 75 సెంటీమీటర్లు. చెయ్యెత్తితే ఇంకొంచెం. మీటరు ఎత్తు దాకా ఏదీ భద్రం కాదనుకోండి. టేబుల్ గుడ్డ లాగితే దాని మీది పప్పుచారు, వేలాడే తీగ లాగితే ఇస్త్రీపెట్టె, సొరుగులు మెట్లలా ఎక్కితే బీరువానో టీవీనో మీద పడుతుంది. గోడకు బిగించడం పావుగంట పని. కుక్కర్, గంజి వార్చిన గిన్నె, కత్తిపీట నేల మీద పెట్టే వంటిల్లయితే గుమ్మానికి అడ్డుగేటు ఒక్కటే దారి. కాలితే 20 నిమిషాలు కుళాయి నీటి ధార కింద ఉంచాలి. ఐస్, టూత్‌పేస్ట్, పసుపు, సిరా వద్దు.

ఈ దశలో రాత్రిళ్లు ఊయల మంచం పట్టుకుని నిలబడి ఏడ్చే పిల్లలుంటారు. లేవడం వచ్చింది, కూర్చోవడం రాలేదు, అంతే. పగటిపూట మోకాళ్లు మెల్లగా వంచి కూర్చోబెట్టడం పదేపదే ఆడిస్తే వారం పది రోజుల్లో సర్దుకుంటుంది.

చక్రాల వాకర్ కొనొద్దు. అందులో కూర్చున్న బిడ్డ సెకనుకు మీటరు దాకా పరుగెడుతుంది, మనం లేచేలోపు మెట్ల దగ్గర ఉంటుంది. అమెరికాలో 1990 నుంచి 2014 దాకా పదిహేను నెలల లోపు పిల్లలు 2,30,000 మందికి పైగా వాకర్ దెబ్బలతో అత్యవసర విభాగాలకు వచ్చారు. నాలుగింట మూడు వంతులు మెట్ల మీంచి పడ్డవాళ్లే. కెనడా 2004లో వీటి అమ్మకాన్నే నిషేధించింది. పైగా నడక తొందరగా రాదు, తన బరువు తాను మోయడం బిడ్డకు అలవాటు కాదు. మన పాత మూడు చక్రాల చెక్క బండి నయం. అందులో బిడ్డ తన కాళ్ల మీద తానే నిలబడుతుంది. టైల్స్ మీద మరీ జారిపోకుండా కాస్త బరువు పెట్టి, మెట్లు లేని గదిలో తోయనివ్వాలి. నడక నేర్చే పాదానికి ఇంట్లో బూట్లు, సాక్సు ఏవీ అక్కర్లేదు. నున్నటి గ్రానైట్ మీద వట్టి పాదమే పట్టు దొరికించుకుంటుంది.

నడవడం మొదలెట్టిన బిడ్డ ఎందుకంత పడుతుంది? 2012లో అడాల్ఫ్ బృందం 12 నుంచి 19 నెలల పిల్లల ఆటను వీడియో తీసి లెక్కేస్తే, గంటకు సగటున 2,368 అడుగులు, 701 మీటర్ల నడక, 17 పడడాలు తేలాయి. కొత్తగా నడిచేవాళ్లు దోగాడే వాళ్ల కన్నా ఎక్కువే పడ్డారు, కానీ తిరిగిన దూరంతో చూస్తే తేడా లేదు. అదే మూల్యానికి ఎక్కువ దూరం, ఎక్కువ వేగం దొరుకుతుంటే దోగాడడం ఎందుకు? పిల్లల లెక్క సరైనదే. ఒళ్లు తేలిక, ఎత్తు తక్కువ కాబట్టి చదునైన నేల మీద పడితే దెబ్బ కూడా స్వల్పం. భయపడాల్సింది ఎత్తు నుంచి పడినప్పుడు. రెండేళ్ల లోపు బిడ్డ 90 సెంటీమీటర్ల పైనుంచి పడినా, కొన్ని క్షణాలు స్పృహ పోయినా, మాటిమాటికీ వాంతి అయినా, మత్తుగా ఉన్నా, నుదుటి మీద కాకుండా తల పక్కనో వెనకో బొప్పి కట్టినా ఆస్పత్రికి తీసుకెళ్లాలి. పడ్డాక ఎప్పటిలా లేదని తల్లికి అనిపించడాన్ని కూడా డాక్టర్లు ఓ లక్షణంగానే లెక్కేస్తారు.

పిల్లలు కూడా తల్లి మొహాన్ని లెక్కలోకి తీసుకుంటారు. 1985లో చేసిన ప్రయోగంలో ఏడాది పిల్లలకు గాజు కింద 30 సెంటీమీటర్ల లోతు చూపించారు, భయపడాలో వద్దో తేల్చుకోలేని లోతది. అవతల తల్లి నవ్వుతూ నిలబడితే 19 మందిలో 14 మంది దాటారు. భయపడ్డ మొహం పెడితే 17 మందిలో ఒక్కరూ దాటలేదు. ఇంత విలువైన మొహాన్ని రోజంతా చిన్న విషయాలకు ఖర్చుపెట్టుకోకూడదు. రిమోట్ ముట్టుకున్నా, మెట్టు దగ్గరికి వెళ్లినా ఒకే గొంతుతో "వద్దు వద్దు" అంటే రెండూ ఒకటే అయిపోతాయి. రిమోట్‌ను పైన పెట్టేస్తే సరిపోతుంది. దోగాడడం మొదలయ్యాక తల్లిదండ్రులకు కోపం ఎక్కువ రావడం, బిడ్డ "కావాలనే చేస్తోంది" అనిపించడం కాంపోస్ బృందం మాట్లాడిన చాలామందిలో కనిపించింది. సరిగ్గా అప్పుడే పిల్లల నిద్ర కూడా కొన్నాళ్లు చెదురుతుంది, కోపానికి అదో ఆజ్యం.

నడక ఇంకోటి తెస్తుంది. దోగాడే బిడ్డకు కళ్ల ముందు ఎక్కువగా నేలే కనిపిస్తుంది. లేచి నడిచాక గది మొత్తం, అందులో మనుషుల మొహాలు కనిపిస్తాయి. చేతులు కూడా ఖాళీ అయ్యాయి కాబట్టి దొరికింది పట్టుకుని అమ్మ దగ్గరికే వస్తుంది. అప్పుడు "గరిటె తెచ్చావా! అందులో వేద్దాం పద" అని పేరు పెట్టి, పని చెప్పి మాట్లాడితే మాటలు త్వరగా పోగవుతాయి. అయితే ఒక గది వస్తువు ఇంకో గదిలో తేలడం కూడా ఈ రోజుల నుంచే మొదలు. అన్నయ్య గోళీలు పక్క మీద, అమ్మమ్మ బీపీ మాత్రల షీటు బొమ్మల బుట్టలో. రాత్రి బిడ్డ పక్క వేసేముందు దుప్పటి దులపడం, బొమ్మల బుట్ట ఒక్కసారి గుమ్మరించి చూడడం ఈ దశలోనే అలవాటు చేసుకోవాలి.