నాలుగడుగుల దూరం ఎందుకు పెట్టాల్సి వచ్చింది?

2022 ఫిబ్రవరిలో ఫేస్‌బుక్ మాతృసంస్థ మెటా, కళ్లకు హెడ్‌సెట్ పెట్టుకుని అడుగుపెట్టే తన వర్చువల్ లోకం హొరైజన్ వరల్డ్స్‌లో ఒక అవతార్ (అందులో మనకు బదులు తిరిగే బొమ్మ) మరో అవతార్‌కు దాదాపు 4 అడుగుల లోపలికి రాకుండా కట్టడి పెట్టింది. అంతకు కొద్ది వారాల ముందు, ఆ లోకాన్ని పరీక్షిస్తున్న ఒక మహిళ ముక్కూమొహం తెలియనివాడు తనను తడిమాడని ఫిర్యాదు చేసింది. ఎవరూ తన దరికి రాకుండా చుట్టూ రక్షణ వలయం గీసుకునే సేఫ్ జోన్ అనే సదుపాయం ఉంది కదా, ఆమె దాన్ని వాడుకోవాల్సిందని సంస్థ అంతర్గత సమీక్ష తేల్చింది. తప్పు ఆమెదే అన్నట్టుంది వాలకం.

ఇలాంటి ఫిర్యాదు వచ్చిన ప్రతిసారీ ఒకటే మాట వినిపిస్తుంది: బొమ్మే కదా, హెడ్‌సెట్ తీసేస్తే పోలా? బొమ్మ కూడా లేని రోజుల్లోనే ఈ గొడవ మొదలైంది. 1993లో లాంబ్డామూ అనే ఇంటర్నెట్ లోకంలో అంతా అక్షరాలే. అందులో ఒకడు చిన్న ప్రోగ్రాంతో ఇతరుల పాత్రలు అసభ్యంగా ప్రవర్తిస్తున్నట్టు తెర మీద రాయించాడు. బాధితులు నిజంగానే కుమిలిపోయారు. ఆ ఖాతాను తొలగించారు. తర్వాత సభ్యులే ఓటుతో నిర్ణయాలు తీసుకునే పద్ధతి వచ్చింది.

అక్షరాలకే అంత బాధ కలిగితే, హెడ్‌సెట్‌లో జరిగేది ఇంకో మెట్టు పైన. 1998లో బోట్వినిక్, కోహెన్ అనే పరిశోధకులు చేసిన ప్రయోగం చూడండి. మనిషి చేతిని అడ్డు చాటున పెట్టి, ఎదురుగా రబ్బరు చెయ్యి ఉంచి, రెండింటినీ ఒకేసారి కుంచెతో నిమిరారు. కాసేపటికి రబ్బరు చెయ్యే తనదనిపించింది. హెడ్‌సెట్ చేసేదీ అదే: తల తిప్పితే దృశ్యం తిరుగుతుంది, చెయ్యి ఎత్తితే అవతార్ చెయ్యి లేస్తుంది. 2010లో పరిశోధకుడు మెల్ స్లేటర్ బృందం హెడ్‌సెట్ ద్వారా మగవాళ్లను ఒక బాలిక ఒంట్లోంచి లోకాన్ని చూసేలా చేసింది. ఆ బాలికను ఎవరో కొడుతుంటే చూస్తున్నవాళ్ల గుండె వేగం మారింది. ఒళ్లు మారితే నడవడీ మారుతుందని 2007లోనే యీ, బెయిలెన్సన్ అనే పరిశోధకులు చూపించారు. పొడుగు అవతార్ దక్కినవాళ్లు డబ్బు పంపకం బేరంలో మరింత గట్టిగా నిలబడ్డారు.

2017లో స్టీమ్ అనే ఆన్‌లైన్ ఆటల దుకాణంలోకి వీఆర్‌చాట్ వచ్చింది. నచ్చిన అవతార్‌తో నలుగురినీ కలిసే ఈ లోకంతో పరిశోధనంతా జనం చేతికి ఇచ్చినట్టయింది. నక్క, రోబో, యానిమే (జపాన్ కార్టూన్) అమ్మాయి, ఎవరిష్టం వారిది. అద్దాల ముందు గంటలు గడుపుతారు, నడుముకీ పాదాలకీ కదలికల్ని పసిగట్టే ట్రాకర్లు కట్టుకుని నాట్యం చేస్తారు. ఎవరైనా అవతార్ చెంప తాకితే తమ చెంపకు తెలుస్తుందని కొందరంటారు. దీన్ని వాళ్లు ఫాంటమ్ సెన్స్ అంటారు. తామనుకున్న ఒంటితో నలుగురిలో మొదటిసారి తిరిగింది ఇక్కడేనని చెప్పిన ట్రాన్స్ వ్యక్తులున్నారు. నాకైతే ఈ ఆనందానికీ హొరైజన్ బాధకీ మూలం ఒకటే అనిపిస్తుంది. ఒకటి నిజమని ఒప్పుకుని రెండోది భ్రమ అంటే కుదరదు.

కంపెనీలకు ఇదేమీ కొత్త కాదు. 2016లోనే క్వివర్ అనే హెడ్‌సెట్ విలువిద్య ఆటలో ఒక మహిళకు ఇదే అనుభవమైంది. ముఖం దగ్గరికొచ్చిన చేతులు మాయమయ్యే రక్షణ అందులో అప్పటికే ఉంది. తయారీదారులు దాన్ని ఒళ్లంతటికీ విస్తరించారు. అయిదేళ్ల తర్వాత మెటా మళ్లీ మొదటికొచ్చింది. పెట్టిన కట్టడినీ 2022 మార్చిలోనే సడలించి, కావాలంటే తీసేసుకునే వీలిచ్చింది.

2024 జనవరిలో బ్రిటన్‌లో 16 ఏళ్ల లోపు బాలిక అవతార్‌పై జరిగిన దాడిని పోలీసులు విచారిస్తున్నట్టు వార్తలొచ్చాయి. ఒంటిని తాకితేనే లైంగిక దాడి అనే చట్టంతో వాళ్లు ఈ కేసును పట్టుకోవాల్సి వచ్చింది.