నాన్న పోయాక ఆయన తుపాకీ ఎవరిది? కొన్ని అపోహలు – వాస్తవాలు

పోయిన నెలలో ఒక మధ్యాహ్నం మా తుపాకుల షాపుకి ఒకావిడ వచ్చింది. యాభై ఏళ్లుంటాయేమో. చేతిలో పాత దుప్పటి చుట్టి, పైన నవారు బిగించిన పొడుగాటి మూట. మహబూబాబాద్ దగ్గర పల్లె నుంచి ఆర్టీసీ బస్సులో వచ్చిందట, మూటని మోకాళ్ల మధ్య నిలబెట్టుకుని.

"మా నాయిన తుపాకి సారూ. ఆయన పోయి మూడేండ్లాయె. ఇగ ఇంట్ల వద్దనుకున్నం. కొంటరా?" అంది.

మూట విప్పితే పాత 12 బోర్ (బోర్ అంటే గొట్టం లోపలి కొలత) డీబీబీఎల్, అంటే వెనక నుంచి తూటా పెట్టే రెండు గొట్టాల తుపాకీ. అలవాటు కొద్దీ గొట్టాలు ఖాళీ గోడవైపు తిప్పి, మీట తోసి తెరిచాను. కుడి గొట్టం ఖాళీ. ఎడమ దాంట్లో తూటా ఉంది. పాతకాలపు అట్ట తూటా, తేమకి ఉబ్బి లోపలే బిగుసుకుపోయింది. ఇత్తడి అంచు నిండా పచ్చటి చిలుము. అంత పాతదైనా పేలదని చెప్పడానికి లేదు. ముప్పై నలభై ఏళ్ల తూటాలు పేలడం నేను కళ్లారా చూశాను. గతుకుల రోడ్డు మీద అన్ని గంటల సేపు ఆ గొట్టం మొన ఆవిడ గడ్డం కిందే ఉంది. ఆ సంగతి చెప్పేసరికి ఆవిడ కుర్చీలో కూలబడిపోయింది. మంచినీళ్లిచ్చి, ముందు ఆ తూటా బయటికి తీసే పని చూశాను.

ఆవిడ్ని తప్పుపట్టను. తండ్రి పోయిన వారంలోనే అడగాల్సిన వాళ్లని అడిగిందట. "లైసెన్సు పుస్తకం ఉంది కదా, దాంతోపాటు బీరువాలో పెట్టుకోండి, ఏం కాదు" అని ఒక పెద్దమనిషి ధైర్యం చెప్పాడు. ఈ ఒక్క మాట ఎన్ని కుటుంబాలని కోర్టుల చుట్టూ తిప్పిందో లెక్క లేదు. ఈ వృత్తిలో నాకు 27 ఏళ్లు. నెలకి రెండు మూడుసార్లయినా ఈ మాట వింటాను. అందుకే మిగతావి తర్వాత, ముందు దీని గురించే.

అపోహ: లైసెన్సున్న తుపాకీ ఆస్తిలాగే వారసులకి వస్తుంది.

తుపాకీ ఆస్తే. దాని విలువలో మీకు వాటా ఉంటుంది. కానీ దాన్ని ఇంట్లో ఉంచుకునే హక్కు మాత్రం ఆస్తి కాదు. లైసెన్సు ఇచ్చింది మనిషికి, తుపాకీకి కాదు. ఆ మనిషి పోయిన రోజునే లైసెన్సూ పోయినట్టు. పుస్తకంలో ఇంకా మూడేళ్ల గడువు మిగిలి ఉన్నా, కలెక్టరాఫీసు ముద్ర నిన్ననే పడినా అంతే. ఆ మర్నాటి నుంచి అదే బీరువాలో అదే తుపాకీ లైసెన్సు లేని తుపాకీ. 1959 ఆయుధాల చట్టంలో 3వ సెక్షన్ ప్రకారం లైసెన్సు లేకుండా తుపాకీ గానీ తూటా గానీ ఉంచుకోకూడదు. ఉంచుకుంటే 25వ సెక్షన్. 2019 సవరణ తర్వాత దీనికి శిక్ష కనీసం 2 ఏళ్లు, గరిష్ఠంగా 5 ఏళ్లు, పైన జరిమానా. అంతకుముందు అది 1 నుంచి 3 ఏళ్లు ఉండేది. చాలామంది ఇంకా ఆ పాత లెక్కలోనే ఉన్నారు.

భయపెట్టడానికి చెప్పడం లేదు. ఈ మాట వినగానే కొందరు చేసే పనులు అసలు తప్పుకన్నా పెద్దవి. రాత్రికి రాత్రి బావిలో పడేస్తారు. పొలంలో పాతిపెడతారు. "మా బావమరిదికి లైసెన్సుంది, వాడి దగ్గర ఉంచుతాం" అంటారు. బావమరిది లైసెన్సులో ఆ తుపాకీ నంబరు లేనప్పుడు అతనూ మీతోపాటే ఇరుక్కుంటాడు. ఇక బావిలో పడేసింది ఏదో ఎండాకాలం పూడిక తీతలో బయటపడుతుంది. నంబరు చూస్తే మీ నాన్న పేరు వస్తుంది. అప్పుడు ఎవరికి ఏమని చెప్పుకుంటారు?

చట్టం దీనికి దారి చూపించింది. అది 21వ సెక్షన్. ఏ కారణం చేతనైనా తుపాకీ ఉంచుకోవడం చట్టబద్ధం కాకుండా పోతే, అనవసరమైన ఆలస్యం లేకుండా దగ్గర్లోని పోలీస్ స్టేషన్‌లో గానీ, లైసెన్సున్న డీలరు దగ్గర గానీ డిపాజిట్ చేయాలి. దాన్ని సరెండర్ అనుకుని హడలిపోతారు. ఆ మాటకి నక్సలైట్ల లొంగుబాటు గుర్తొస్తుంది కాబోలు. ఇది అలాంటిది కాదు. నగలు లాకర్లో పెట్టినట్టు మీ వస్తువుని భద్రపరచడం, అంతే. రశీదు ఇస్తారు. అందులో తయారీదారు పేరు, బోరు, గొట్టం మీది నంబరు, తూటాలు ఎన్నో రాయించుకోండి. తర్వాత వారసుల్లో ఒకరికి లైసెన్సు వస్తే తిరిగి తీసుకోవచ్చు. వద్దనుకుంటే లైసెన్సున్న వాళ్లకి అమ్ముకోవచ్చు. నిర్ణీత గడువులోగా ఏదీ చేయకపోతే మాత్రం అది ప్రభుత్వపరం అవుతుంది. రశీదు వచ్చింది కదా అని మర్చిపోవద్దు.

ఎన్నికలప్పుడు డిపాజిట్ చేసినవాటి విషయంలో ఇదే పొరపాటు జరుగుతుంది. కోడ్ రాగానే నాన్న స్టేషన్‌లో ఇచ్చి వస్తాడు. కౌంటింగ్ అయ్యేలోపు ఆయన కాలం చేస్తాడు. ఆ రశీదు ఏ పంచాంగంలోనో ఉండిపోతుంది. ఇంట్లో పెద్దవాళ్లు పోయినప్పుడు ఎల్ఐసీ బాండ్లు వెతుకుతారు కదా, అప్పుడే ఆ రశీదూ వెతకండి.

తుపాకీని మీరే మోసుకుని బయల్దేరకండి. ముందు స్టేషన్‌కో డీలరుకో ఫోన్ చేసి, ఎలా తేవాలో కనుక్కోండి. లైసెన్సుదారుడు బతికి ఉన్నప్పుడైతే రిపేరుకో రెన్యువల్‌కో ఆయన రాసిచ్చిన ఉత్తరంతో ఇంకొకరు తీసుకెళ్లే వెసులుబాటు చట్టంలోనే ఉంది. ఆయన పోయాక ఆ ఉత్తరం చెల్లదు. ఆ మధ్య ఒకబ్బాయి తండ్రి చనిపోయే ముందు రాసిన రిపేరు ఉత్తరం చూపించాడు. ఆయన పోయి అప్పటికే ఏడాది దాటింది.

అసలు నాన్న ఉండగానే చేయాల్సిన పని ఒకటుంది.

దీన్ని ఎవరూ చెప్పరు. 2016 ఆయుధాల నియమాల్లో 25వ నియమం ప్రకారం, లైసెన్సుదారుడికి 70 ఏళ్లు నిండితే గానీ, ఆ తుపాకీ ఆయన దగ్గర 25 ఏళ్లుగా ఉంటే గానీ, రెండిట్లో ఏది ముందైతే అప్పుడు, ఆయనే ఒక వారసుణ్ని ఎంచుకుని వాళ్ల పేరిట లైసెన్సుకి దరఖాస్తు చేయించవచ్చు. మంజూరు చేయడం, చేయకపోవడం అధికారుల ఇష్టం. కానీ ఆయనే స్వయంగా వచ్చి చెప్తాడు కాబట్టి అన్నదమ్ముల మధ్య తగవు ఉండదు. ఆయన పోయాక అయితే ఫ్యామిలీ మెంబర్ సర్టిఫికెట్, మిగతా వారసుల అభ్యంతరం లేదన్న అఫిడవిట్లు, వాటికోసం ఫోన్లెత్తని తమ్ముడు... అదో పెద్ద తతంగం.

మా మేనమామకి 72 ఏళ్లు వచ్చేదాకా ఈ మాట ఎత్తడానికి నాకు నోరు రాలేదు. "అంటే నేను పోతానని చూస్తున్నావురా?" అంటాడని భయం. చివరికి సంక్రాంతికి వెళ్లినప్పుడు చెప్పేశాను. ఆయన కాసేపు మాట్లాడలేదు. తర్వాత లేచి వెళ్లి లైసెన్సు పుస్తకం తెచ్చి నా చేతిలో పెట్టి, "పెద్దదాని పేరు రాయి, దానికే జాగ్రత్తెక్కువ" అన్నాడు. కూతురి పేరు. ఆడపిల్లలకి ఇవ్వరనేది కూడా వట్టి మాటే. చట్టంలో ఎక్కడా లేదు.

ఇంకొకటి. ఒక మనిషి దగ్గర 2 తుపాకులే ఉండాలి. 2019కి ముందు 3 ఉండేవి. వారసత్వంగా వచ్చినదీ ఈ లెక్కలోకే వస్తుంది. ఇప్పటికే రెండున్న కొడుక్కి తండ్రిది మూడోదిగా రాదు.

అపోహ: గోడకి తగిలించిన పాత తుపాకీ పనిచేయదు, దానికి లైసెన్సెందుకు?

ఇందులో సగం నిజముంది. అందుకే ప్రమాదం. పురాతన విలువ ఉన్నవి, వాడుకలో లేని రకాలు, పాడైపోయినవి చట్టంలోని 45వ సెక్షన్ కింద మినహాయింపు పొందుతాయి. కానీ ఆ వాక్యం చివర ఉన్న షరతు ఎవరూ చదవరు. మరమ్మతు చేసినా, చేయకపోయినా తుపాకీగా పనికిరానిదై ఉండాలి. మీరు "పనిచేయదు" అనేది ట్రిగ్గర్ నొక్కితే పేలడం లేదని. నా బల్ల మీద చూస్తే తూటాని కొట్టి పేల్చే ఫైరింగ్ పిన్ మొన విరిగి ఉంటుంది, లేదా స్ప్రింగ్ పోయి ఉంటుంది. సాయంత్రానికల్లా బాగుచేసేయగల తుపాకీ అది. అలాంటిదానికి లైసెన్సు కావాల్సిందే. గొట్టంలో నుంచి మందు కూరే నాటు తుపాకీ కూడా అంతే. పంట కాపలాకి వాటికి లైసెన్సు ఇచ్చే వీలు 13వ సెక్షన్‌లోనే ఉంది. లైసెన్సే అక్కర్లేకపోతే ఆ సెక్షన్‌లో దాని పేరెందుకు రాస్తారు? "కూర్గులో ఉంచుకుంటారు కదా" అంటారు. అక్కడి కొడవ జాతి వాళ్లకి కేంద్రం ప్రత్యేకంగా ఇచ్చిన మినహాయింపు అది. మన నల్లమలకో ఆదిలాబాద్‌కో వర్తించదు.

అపోహ: 12 బోర్ అంటే 12 బోరే, ఏ తూటా అయినా పడుతుంది.

చట్టం సంగతి అలా ఉంచితే, ప్రాణాల మీదికి తెచ్చేది ఇది. మన ఇళ్లలో ఉన్న పాత ఇంగ్లీషు తుపాకులు చాలావరకు రెండున్నర అంగుళాల, అంటే 65 మిల్లీమీటర్ల తూటాకి చేసినవి. ఇప్పుడు దొరికేవి 70 మిల్లీమీటర్లవి. ఆ కొలత పేలాక మూతి విచ్చుకున్న తూటాది. పేలనప్పుడు మూతి మడిచి ఉంటుంది కాబట్టి పొట్టిగా ఉండి పాత తుపాకీలో హాయిగా దిగుతుంది. అందుకే "పట్టింది కదా" అనుకుంటారు. పేలినప్పుడు ఆ మడత విచ్చుకోవడానికి చోటుండదు. గొట్టం ఇరుకయ్యే చోటికి పొడుచుకొచ్చి దారిని నొక్కేస్తుంది, ఒత్తిడి పెరుగుతుంది. ఒకటి రెండుసార్లకి ఏమీ కనిపించదు. కొన్నాళ్లకి గొట్టాలని బాడీకి బిగించే తాళం వదులై, గొట్టాలకీ బాడీకీ మధ్య వెలుతురు కనిపిస్తుంది. గొట్టంలో తూటా కూర్చునే గది పొడవు కొలిపించుకోకుండా పాత తుపాకీలో తూటా పెట్టకండి.

ఇంకా తేలికైన పరీక్ష మీరే చేసుకోవచ్చు. తూటాలు లేవని రెండుసార్లు చూసుకుని, తెరిచి, గొట్టాలు విడదీసి, కిటికీ వెలుతురువైపు పెట్టి లోపలికి చూడండి. అద్దంలా మెరిసే గోడలో ఎక్కడైనా ఉంగరంలా నల్లటి నీడ కనిపిస్తే అక్కడ గొట్టం ఉబ్బింది. మన ఊళ్లలో దానికి ఎక్కువ కారణం కందిరీగ. ఏడాదంతా మూల నిలబెట్టిన తుపాకీ గొట్టంలో మట్టిగూడు కడుతుంది. చూసుకోకుండా కాలిస్తే, గుళ్లకి ఆ గూడు అడ్డుపడిన చోటే ఇనుము సాగిపోతుంది. ఖమ్మం వైపు రైతు ఒకాయన అలాంటిది తెచ్చాడు. వేలితో తడిమితే గాజు మీద బుడిపెలా తగిలింది. అరచేయి పోకుండా బయటపడ్డాడు.

ఇంట్లో తూటాలు నింపుకోవడం గురించి కూడా అడుగుతారు. "మా తాత నింపేవాడు" అని. నింపేవాడు. ఇత్తడి తూటాలు, పాతకాలపు నల్లటి తుపాకీ మందు, కొలతకి చిన్న గరిటె. ఆ తర్వాత పొగరాని మందు చేతికొచ్చిన వాళ్లు అదే గరిటెతో కొలిచారు. రెండిటి బలానికీ పొంతన లేదు. మా నాన్న షాపులో ఒక గొట్టాన్ని అందరికీ కనిపించేలా వేలాడదీసేవాడు. తూటా గది దగ్గర అరటిపువ్వు రేకుల్లా విచ్చుకుని ఉండేది. ఎవరైనా మందు సంగతి అడిగితే మాట్లాడకుండా అటు చూపించేవాడు. ఇక చట్టం మాటకొస్తే, తుపాకీ ఉంచుకునే లైసెన్సు తూటా తయారు చేయడానికి పనికిరాదు. దానికి 5వ సెక్షన్ కింద వేరే లైసెన్సు కావాలి. లేకుండా తయారుచేస్తే 2019 తర్వాత 7 ఏళ్ల నుంచి యావజ్జీవం దాకా.

మిగతావి గబగబా. పెళ్లి ఊరేగింపులో గాల్లోకి కాల్చడం 25వ సెక్షన్ కింద నేరం, 2 ఏళ్ల దాకా జైలు, లేదా లక్ష దాకా జరిమానా, లేదా రెండూ. పైకి వెళ్లిన గుండు ఎవరి పిల్లవాడి మీదో దిగుతుంది. కుందేలుని కొట్టొచ్చనేది అబద్ధం. 1972 వన్యప్రాణి చట్టం దాన్నీ కాపాడుతోంది. అడవిపంది పంట తింటోందంటే ఆ బాధ నాకు తెలుసు, కానీ అటవీశాఖ అనుమతి చేతికి రాకుండా తుపాకీ ఎత్తితే పంటతోపాటు మీరూ పోతారు. ఎయిర్ గన్ గొట్టం లోపలి కొలత 4.5 మిల్లీమీటర్లు దాటకుండా, గుండు శక్తి 20 జౌళ్లకి మించకుండా ఉంటే లైసెన్సు అక్కర్లేదు. అయితే దాంతో పిట్టల్ని కొట్టడానికి అది అనుమతి కాదు. పిల్లల్ని షూటింగ్ ఆటకి పంపాలనుకుని భయపడే తల్లిదండ్రులకి ఒక మాట: గగన్ నారంగ్ 2012 లండన్ ఒలింపిక్స్‌లో కంచు గెలిచిన 10 మీటర్ల పోటీలో వాడే ఎయిర్ రైఫిల్ ఈ కోవదే. నిశ్చింతగా రేంజికి తీసుకెళ్లండి.

ఆవిడ తుపాకీ సంగతికొస్తే, ఆ రోజే వాళ్ల స్టేషన్‌కి రాతపూర్వకంగా తెలియజేసి, మా డిపాజిట్ రిజిస్టర్లో ఎక్కించాను. తుపాకీ ఒకటి, ఉబ్బిన తూటా ఒకటి. మూడేళ్ల ఆలస్యానికి ఆవిడ సంజాయిషీ రాసిచ్చింది. అక్షరాలు కూడబలుక్కుంటూ తనే రాసింది, నన్ను రాయనివ్వలేదు. తమ్ముడి అఫిడవిట్ ఇంకా రావాలి. నిన్న ఫోన్ చేసి, "నాయిన ఎప్పుడూ కొబ్బరినూనె పూసేటోడు సారూ, పూసిండ్రా?" అని అడిగింది. కొబ్బరినూనె గడ్డకట్టి జిగురవుతుంది, తుపాకీ నూనె పూశానని చెప్పాను.