ఎదురుగాలి కూడా ఘాట్ రోడ్డే

మా మేనల్లుడు పుట్టి పెరిగింది విశాఖలోనే, ఇప్పుడు ఇండియానాలో ఉద్యోగం. ఆ మధ్య ఓ ఆదివారం ఫోన్ చేశాడు. "మావయ్యా, రోడ్డు క్యారమ్ బోర్డులా ఉంది. మన తెన్నేటి పార్క్ దగ్గరుండే పాటి ఎత్తు కూడా లేదు. అయినా పది కిలోమీటర్లకే తొడలు పట్టేశాయి. నాకేమైనా అయిందంటావా?"

వాడు తొక్కింది కార్డినల్ గ్రీన్‌వే అనే దారి. ఒకప్పుడు దాని మీద రైళ్లు తిరిగేవి. తర్వాత పట్టాలు పీకేసి తారు వేశారు. వంద కిలోమీటర్లకు అటూ ఇటూ ఉంటుంది, చాలా దూరం మొక్కజొన్న, సోయా పొలాల మధ్యే. మన దగ్గర రైలు దారిని అలా సైకిళ్లకు వదిలేయడం అరుదు. శ్రీకాకుళం వైపు నౌపడా–గుణుపురం చిన్న రైలు 2004లో ఆగింది. ఆ తర్వాత అక్కడ బ్రాడ్‌గేజ్ పట్టాలే పడ్డాయి.

"గాలి ఎటు వీస్తోందో చూసుకున్నావురా?" అన్నాను. చూసుకోలేదట.

పాత రైలు దారి సైకిలుకి ఎందుకంత సుఖమో ముందు చెప్పుకోవాలి. ఉక్కు పట్టా మీద ఉక్కు చక్రం దొర్లితే పెద్దగా అణగదు, అందుకే శక్తి వృథా తక్కువ. సైకిల్ టైరుకు తారు మీద ఉండే నిరోధంలో మూడో వంతో, నాలుగో వంతో. కానీ ఆ నునుపే ఎత్తులో శత్రువు. పట్టు దొరక్క చక్రం ఉన్నచోటే గిర్రున తిరుగుతుంది. అందుకే ఇంజన్లలో ఇసుక పెట్టె ఉంటుంది. డ్రైవరు మీట నొక్కితే చక్రం ముందు పట్టా మీద సన్నటి ధారగా ఇసుక రాలుతుంది. ఇంత అవస్థ ఉంది కాబట్టి రైలు దారి వేసేవాళ్లు కొండ వస్తే తవ్వుతారు, పల్లం వస్తే కట్ట పోస్తారు. వాలు మాత్రం పెంచరు.

మన కేకే లైనే చూడండి. బైలదిల్లా ఇనుప ఖనిజం కోసం 1960ల్లో వేసిన కొత్తవలస–కిరండూల్ దారి. అరకు వెళ్లిన ప్రతివాళ్లూ సొరంగాలు లెక్కపెట్టినవాళ్లే, 58 అంటారు. ఘాట్‌లో వాలు దాదాపు 60కి 1, అంటే 60 మీటర్లు నడిస్తే ఒక మీటరు ఎత్తు. శిమిలిగుడ స్టేషన్ సముద్రమట్టానికి 996 మీటర్ల ఎత్తున ఉంది. ఆ లెక్కన 900 మీటర్లు ఎక్కాలంటే కనీసం 54 కిలోమీటర్లు చుట్టూ తిరగాల్సిందే. పట్టాల పక్కన చిన్న స్తంభానికి రెండు చేతుల్లా పలకలుంటాయి, ఎప్పుడైనా గమనించారా? చెయ్యి పైకి ఉంటే ఎక్కుడు, కిందికి ఉంటే దిగుడు, మీద ఉండే అంకె వాలు. సైకిల్ దారుల్లోనూ అలాంటివి పాతితే ఎంత బాగుండేదో.

ఇప్పుడు మావాడి తొడల సంగతి. మనిషి, సైకిలు కలిపి 85 కిలోలు అనుకుందాం. గంటకు 20 కిలోమీటర్ల వేగం, నిటారుగా కూర్చునే మామూలు సైకిలు, గాలి లేదు. అప్పుడు కావలసింది సుమారు 85 వాట్లు. అదే వేగానికి గంటకు 10 కిలోమీటర్ల ఎదురుగాలి తోడైతే 160 దాటుతుంది. పది కిలోమీటర్ల గాలంటే మొక్కజొన్న ఆకులు ఆగకుండా కదిలే పాటి గాలి, అంతే. కానీ గాలి నిరోధం వేగం వర్గాన్ని బట్టి పెరుగుతుంది. మనకు తగిలేది 20 కాదు, 30. ఆ అదనపు నిరోధం సుమారు 14 న్యూటన్లు, అంటే దాదాపు కిలోన్నర బరువు వెనక్కి లాగుతున్నట్టు. ఇదే మనిషి 60కి 1 వాలు ఎక్కితే వెనక్కి లాగేదెంత? అదీ 14 న్యూటన్లే! ఈ లెక్క వేసినప్పుడు నాకే నవ్వొచ్చింది. మావాడు బల్లపరుపు నేల మీద అరకు రైలెక్కే ఘాట్ ఎక్కాడన్నమాట, సొరంగాలు కూడా లేకుండా.

పొలాల్లో ఇది ఇంకా ఎక్కువ. నేలకు దగ్గరగా గడ్డి, పైరు గాలిని పట్టి ఉంచుతాయి, పైకి పోయేకొద్దీ వేగం పెరుగుతుంది. వాన నీళ్లలో మునగకూడదని రైలు దారిని కట్ట మీద వేస్తారు కాబట్టి, సైకిలెక్కిన మనిషి పైరు కన్నా పైన, ఆ గాలికి ఎదురుగా నిలబడతాడు. పైగా వాడు బయల్దేరింది పదకొండింటికి. రాత్రి చల్లబడ్డ నేల మీద గాలి నిద్రపోతున్నట్టు ఉంటుంది. పొద్దెక్కి నేల కాలాక, పైన పరుగెత్తే గాలి కిందికి కలుస్తుంది.

నాకిది భీమిలి రోడ్డు నేర్పింది. వేసవిలో నైరుతి గాలి తీరం వెంబడే తోస్తుంది, వెళ్లేటప్పుడు నేనేదో పెద్ద పోటుగాణ్ణనిపిస్తుంది. తిరిగొచ్చేటప్పుడు తెలుస్తుంది. సరుగుడు తోట పక్కకు రాగానే మాత్రం హాండిల్ ఒక్కసారి తేలికవుతుంది. చెట్ల ఎత్తుకు పది రెట్ల దూరం దాకా ఆ అండ అందుతుంది. గట్టి గోడ కన్నా సరుగుడే మేలు. గోడ దాటిన గాలి సుడి తిరిగి మీద పడుతుంది, సరుగుడు ఆకుల సందుల్లోంచి నెమ్మదిగా కారుతుంది.

"పోతూ కష్టపడితే వస్తూ కలిసొస్తుందిగా" అన్నాడు మావాడు. పూర్తిగా కలిసిరాదు. అదే గాలిలో, అదే 85 వాట్లతో, పది కిలోమీటర్ల దూరానికి వెనక గాలైతే 23 నిమిషాలు, ఎదురుగాలైతే 41. మొత్తం 64. గాలే లేకపోతే 60. కష్టంలో ఎక్కువసేపు ఉంటాం, సుఖంలో తక్కువసేపు. అందుకే ఒంట్లో ఓపిక ఉన్నప్పుడే ముందు గాలికి ఎదురెళ్లమని చెప్పాను.

పై ఆదివారం మళ్లీ ఫోన్. ఈసారి ఆరింటికే బయల్దేరి, ఎదురుగాలి వైపే ముందు పోయాడట. తిరిగొచ్చేటప్పుడు మొక్కజొన్న ఆకులన్నీ తను వెళ్లే వైపే వంగి ఉన్నాయన్నాడు.