టెన్షన్ పడితే గుండె వేగం పెరగదా?

"ధ్యానం చేస్తే టెన్షన్ తగ్గుతుందని అందరూ అంటారు, నేను కళ్ళు మూసుకుంటే ఇంకా పెరుగుతోంది, నాలో ఏమైనా లోపం ఉందా?" అని ఒక పాఠకురాలు అడిగారు. లోపమేమీ లేదండీ. అమెరికాలో పెన్సిల్వేనియా స్టేట్ యూనివర్సిటీలో థామస్ బోర్కొవెక్ అనే మనస్తత్వవేత్త ఏళ్ళ తరబడి పరిశోధించింది దాదాపు ఇలాంటి చిక్కుల మీదే. మైండ్‌ఫుల్‌నెస్ (ఈ క్షణంలో జరుగుతున్నదాన్ని ఉన్నదున్నట్టు గమనించే ధ్యానం) ఎలా చేయాలి, వెన్ను ఎలా నిలపాలి, ఊపిరి ఎలా గమనించాలి అన్నవి ఎక్కడ చూసినా దొరుకుతాయి కాబట్టి వదిలేస్తున్నా. నాకు భలే నచ్చిన సంగతి ఒకటుంది, నేరుగా దానికే వస్తా.

భయపడటం, టెన్షన్ పడటం ఒకటేనని మనం అనుకుంటాం. బోర్కొవెక్ కాదంటారు. ఆయన లెక్కలో టెన్షన్ పడటం అంటే భయం నుంచి తప్పించుకోవడం!

వినడానికి తలకిందులుగా ఉంది కదా. 1990లో వచ్చిన ఒక ప్రయోగం చూడండి. నలుగురి ముందు మాట్లాడాలంటే వణికిపోయేవాళ్ళని పిలిచి, స్టేజీ ఎక్కి మాట్లాడుతున్నట్టు పదిసార్లు ఊహించుకోమన్నారు. ప్రతిసారీ ఆ ఊహకి ముందు కొందరు హాయినిచ్చే విషయాలు ఆలోచించాలి, కొందరు మామూలు విషయాలు, ఇంకొందరు టెన్షన్ పెట్టే విషయాలు. ఊహించుకునేటప్పుడు గుండె ఎంత వేగంగా కొట్టుకుంటోందో కొలిచారు. ఎక్కువ స్పందించింది ఎవరి గుండె? హాయిగా ఉన్నవాళ్ళది. అంతకుముందే టెన్షన్ పడి ఉన్నవాళ్ళ గుండె ఆ దృశ్యానికి ఉలకలేదు, పలకలేదు.

ఎందుకలా? "పాము" అని పైకి అనండి. ఏమీ కాదు. ఇప్పుడు చల్లటి పాము మీ పాదం మీద నుంచి మెల్లగా పాకుతున్నట్టు ఊహించుకోండి. కాలు వెనక్కి తీసుకున్నారా? మాట కంటే బొమ్మ శరీరాన్ని ఎక్కువ కదిలిస్తుంది. టెన్షన్ చాలావరకు మాటలతోనే నడుస్తుంది. అమ్మాయి ఫోన్ ఎత్తలేదు, బండి మీద వెళ్ళింది కదా, హెల్మెట్ పెట్టుకుందో లేదో, వాన కూడా పడుతోంది... ఇంతలో రోడ్డు మీద పడి ఉన్న బండి కళ్ళ ముందుకి రాబోతుంది, సరిగ్గా ఆ క్షణంలో మనసు "ఇంతకీ ఇన్సూరెన్స్ రెన్యూ చేశామా?" అన్న మాట మీదకి గెంతేస్తుంది. ఆ గెంతే కీలకం. బొమ్మ పూర్తిగా ఏర్పడలేదు కాబట్టి గుండె అదరలేదు, ఆ కాస్త ఉపశమనమే గెంతినందుకు బహుమతి, బహుమతి దొరికిన పనిని మెదడు మళ్ళీ మళ్ళీ చేస్తుంది. నష్టం ఎక్కడంటే, భయం తగ్గాలంటే దాన్ని ఒకసారి పూర్తిగా ఎదుర్కోవాలి, ఎదుర్కొన్నా ఏమీ కాలేదని శరీరానికి తెలియాలి. మధ్యలోనే గెంతేసేవాళ్ళకి ఆ పాఠం ఎప్పటికీ అందదు, భయం అలాగే తాజాగా ఉండిపోతుంది.

రెండో బహుమతి ఇంకా తమాషాగా ఉంటుంది. 1948లో స్కిన్నర్ అనే అమెరికన్ మనస్తత్వవేత్త ఆకలిగా ఉన్న పావురాలకి, అవి ఏం చేసినా చేయకపోయినా, నిర్ణీత వ్యవధికోసారి గింజలు అందేలా ఏర్పాటు చేశారు. ఒక పావురం గుండ్రంగా తిరగడం మొదలుపెట్టింది, ఇంకొకటి తల తీసుకెళ్ళి పంజరం మూలకి పొడవడం మొదలుపెట్టింది, తాము చేసినదానివల్లే గింజలు వస్తున్నట్టు. సైకాలజీ పాఠాల్లో దీన్ని ఒక మార్కు ప్రశ్నగా చెప్పి ముందుకెళ్ళిపోతారు గానీ, ఆ పావురం మనమేనని ఎవరూ చెప్పరు. 2020లో లాఫ్రెనియేర్, న్యూమన్ అనే పరిశోధకులు తీవ్రమైన ఆందోళన సమస్య, అంటే జనరలైజ్డ్ యాంగ్జైటీ డిజార్డర్ ఉన్న 29 మంది చేత తమ టెన్షన్లన్నీ రాయించి, ఏది నిజమైందో ఏది కాలేదో చూపించారు. సుమారు 91 శాతం నిజం కాలేదు. అంటే పదింట తొమ్మిదిసార్లు "టెన్షన్ పడ్డాను, గండం తప్పింది" అని మెదడు లెక్క రాసుకునే అవకాశం ఉందన్నమాట. మూఢనమ్మకాలని చూసి నవ్వేవాళ్ళు కూడా ఈ ఒక్కదాన్ని మాత్రం జాగ్రత్త అనే పేరుతో దాచుకుంటారు.

ఈ న్యూమన్, అంటే బోర్కొవెక్ యూనివర్సిటీకే చెందిన మిషెల్ న్యూమన్, ఆయన వాదాన్ని సగమే ఒప్పుకుంటారు. టెన్షన్ బాధని అణచదు, ముందే పైకి లేపి ఉంచుతుంది, అందుకే చెడువార్త వచ్చినప్పుడు కొత్తగా ఎగబాకడానికి ఏమీ మిగలదు అంటారామె. హాయిగా ఉన్నప్పుడు దెబ్బ తగిలితే వచ్చే ఆ హఠాత్తు తేడాకే ఇలాంటివాళ్ళు ఎక్కువ భయపడతారట. నాకు ఈ మాటే ఎక్కువ నచ్చుతుంది, ఎందుకంటే పాఠకురాలి ప్రశ్నకి జవాబు ఇందులో దొరుకుతుంది. టెన్షనే కాపలా అనుకునే మనసుకి ప్రశాంతత అంటే కాపలా తీసేయడమే. 1983లో హైడీ, బోర్కొవెక్ కలిసి 14 మందికి కండరాలు సడలించే పద్ధతి, మంత్రధ్యానం రెండూ నేర్పితే, కొందరికి టెన్షన్ పెరిగింది, మంత్రధ్యానంలో అయితే దాదాపు సగం మందికి.

మరి మైండ్‌ఫుల్‌నెస్ దేనికి? ప్రశాంతత కోసం కూర్చుంటే ఆ హఠాత్తు తేడా గురించిన భయం తలెత్తుతుంది. గెంతుని పట్టుకోవడానికి కూర్చుంటే వేరు. "ఇన్సూరెన్స్" అన్న మాట రాగానే, అదిగో గెంతబోతోంది అని గమనించి, ఛాతీలో బిగుతుని ఉన్నచోటే ఉండనిచ్చి చూడటం. రోమర్, ఓర్సిలో అనే ఇద్దరు మనస్తత్వవేత్తలు ఈ పద్ధతినే సైకోథెరపీగా మలిచారు. ఇది మంత్రదండమేమీ కాదు, 2013లో 81 మంది మీద పోల్చి చూస్తే సడలింపు నేర్పే పాత చికిత్స కూడా ఇంచుమించు ఇంతే పనిచేసింది. 2022లో 276 మందితో జరిగిన ఇంకో పరీక్షలో ఎనిమిది వారాల మైండ్‌ఫుల్‌నెస్ కోర్సు ఆందోళనకి వాడే ఎస్సిటాలోప్రామ్ అనే మందుకి తీసిపోలేదని తేలింది. అలాగని మందులు వాడేవాళ్ళు డాక్టర్‌ని అడగకుండా ఆపేయకూడదు.

ప్రశ్న అడిగినావిడకి ఒక మాట. కళ్ళు మూయడం తప్పనిసరి కాదు, తెరిచి ఉంచే చేయొచ్చు. బోర్కొవెక్ బృందం 1983లోనే ఇంకో ఉపాయం పరీక్షించింది. రోజూ ఒకే చోట, ఒకే వేళకి అరగంట టెన్షన్ పడటానికే కేటాయించుకోవాలి. మిగతా సమయంలో ఏ టెన్షన్ వచ్చినా దాన్ని ఆ అరగంటకి వాయిదా వేసి, చేతిలో ఉన్న పని మీదకి, ఎదురుగా ఉన్నదాని మీదకి దృష్టి తిప్పాలి. ఆ అరగంటలో మాత్రం ఎంత కావాలంటే అంత పడొచ్చు, పరిష్కారం ఉన్నవాటికి అక్కడే దారి వెతుక్కోవచ్చు. నిద్ర, పని రెండూ దెబ్బతినేంతగా ఉంటే మాత్రం ఒంటరిగా తంటాలు పడకుండా థెరపిస్ట్ దగ్గరకి వెళ్ళండి, కళ్ళు మూస్తే ఏమవుతోందో మొదటి రోజే చెప్పేయండి.