ట్యూషన్ ఫీజు కట్టేస్తే అయిపోద్దా?

టెన్త్ రిజల్ట్స్ వచ్చే టైంకి తిరుపతిలో ఏ ఇంట్లో చూసినా ఒకటే మాట, ఏ సారు దగ్గర చేర్చినారు, ఫీజెంత. పిల్లోడు ఇంటికొచ్చినాక సొంతంగా ఎంతసేపు కూర్చుంటాడని అడిగేవాళ్ళు తక్కువ.

మొదట్నించీ ఇట్లా లేదు. 1954లో ఎస్వీ యూనివర్సిటీ వచ్చింది, దాంతో ఊళ్ళో చదువుకునేవాళ్ళు, చెప్పేవాళ్ళు పెరిగినారు. అప్పటి ట్యూషన్ అంటే సారు ఇంటి వరండా, కొద్దిమంది పిల్లోళ్ళు, లెక్క ఇచ్చి సారు పేపర్ చదువుకుంటా ఉంటాడు, తప్పొస్తే మళ్ళీ చెయ్యి అంటాడు, అంతే. సారు చెప్పిందేముంది అనిపిస్తుంది గానీ కష్టమంతా పిల్లోడే పడేవాడు.

1986లో ఎంసెట్ మొదలైనాక లెక్క మారింది. ర్యాంకు కోసం జనం ఎగబడితే వరండా కాస్తా హాలైంది, బోర్డు మీద సారే గబగబా చేసేస్తాడు, వీళ్ళు నోట్స్‌లోకి ఎక్కించుకుంటారు, అంతా అర్థమైనట్టే ఉంటుంది, అదే లెక్క అంకెలు మార్చి ఇస్తే చెయ్యాడదు.

దాదాపు ఆ రోజుల్లోనే, 1984లో, అమెరికాలో బెంజమిన్ బ్లూమ్ అనే ప్రొఫెసర్ ఒక పేపర్ రాసినాడు. విడిగా ట్యూషన్ చెప్పించుకున్న సగటు పిల్లోడు మామూలు క్లాసులో 98 శాతం మందిని దాటేసినాడని. ఇప్పటికీ ట్యూషన్ గొప్ప చెప్పాలంటే చాలామంది ఈ అంకెనే తీస్తారు. అదే పేపర్లో ఇంకో అంకె ఉంది, దాన్ని ఎవరూ పట్టించుకోరు: మామూలు క్లాసులో పిల్లలు నిజంగా పని మీద ఉన్న టైము 65 శాతం, ట్యూషన్లో 90 పైన. పైగా ప్రతి పాఠానికీ టెస్టు, తప్పులు దిద్దుకోడం, మళ్ళీ టెస్టు. తర్వాతోళ్ళు చూస్తే అంత పెద్ద తేడా కూడా రాలేదనుకోండి, 2011లో వాన్‌లెన్ అనే పరిశోధకుడు ట్యూషన్ మీద వచ్చిన పరిశోధనలన్నీ కలిపి లెక్కేస్తే బ్లూమ్ చెప్పినదాంట్లో సగం కూడా లేదు. 2001లో మిషెలీన్ చీ అనే పరిశోధకురాలు, ఆమెతో ఉన్నవాళ్ళు చేసింది నాకు ఇంకా నచ్చుతుంది, ట్యూటర్లను వివరించొద్దు, ఊరికే ప్రశ్నలడిగి పిల్లలచేత చెప్పించండి అన్నారు, అయినా వివరించి చెప్పినప్పుడు ఎంత నేర్చుకున్నారో పిల్లలు అంతే నేర్చుకున్నారు.

మన దగ్గర చట్టాలు, రూల్స్ కట్టడి చేసింది మాత్రం చెప్పేవాళ్ళనే. 2009 విద్యాహక్కు చట్టం స్కూలు టీచర్లు ప్రైవేటు ట్యూషన్ చెప్పకూడదంది, 2024 జనవరిలో కేంద్రం ఇచ్చిన గైడ్‌లైన్స్ 16 ఏళ్ళలోపు వాళ్ళను కోచింగ్‌లో చేర్చుకోవద్దన్నాయి, ర్యాంకు గ్యారంటీ అని ప్రచారం చేయొద్దన్నాయి. ఈ చివరిదొక్కటే సూటిగా ఉంది, ఇంటికాడ కూర్చోని చేయాల్సిన పిల్లోడి తరఫున సెంటర్ గ్యారంటీ ఎట్లా ఇస్తుంది?