కొండకు పెట్టిన పేరు: ‘యెహోవా యీరే’ వెనక కథ

తిరుపతి బస్టాండ్ బయట ఆటోల వెనక రాతలు చదువుతూ నిలబడితే, ఒకదాని మీద ‘గోవిందా గోవిందా’ అని ఉంటుంది, ఇంకోదాని మీద ‘యెహోవా యీరే’ అని ఉంటుంది. మొదటిదాని అర్థం ఈ ఊళ్లో ఎవరినీ అడగక్కర్లేదు. రెండోదాని గురించి అడిగితే మాత్రం, ప్రతి ఆదివారం చర్చికి వెళ్లేవాళ్లు కూడా ‘దేవుడి పేరండీ’ అని ఆగిపోతారు. బైబిల్లో చూస్తే అది ఒక చోటికి పెట్టిన పేరు.

ఆదికాండము 22వ అధ్యాయంలో అబ్రాహాము తన కొడుకు ఇస్సాకును బలి ఇవ్వడానికి మోరీయా దేశంలో ఒక కొండ ఎక్కుతాడు. కట్టెలు మోస్తున్న పిల్లవాడు, నిప్పూ కట్టెలూ ఉన్నాయి, గొర్రెపిల్ల ఏది అని తండ్రిని అడుగుతాడు. దేవుడే చూసుకుంటాడని తండ్రి జవాబిస్తాడు. చివరికి పొదలో కొమ్ములు చిక్కుకున్న పొట్టేలు కనిపిస్తుంది. కొడుకు బతుకుతాడు. అప్పుడు అబ్రాహాము ఆ చోటికి పెట్టిన పేరే ‘యెహోవా యీరే’. హీబ్రూలో ‘రాఆ’ అంటే చూడటం. ‘యీరే’ అంటే చూస్తాడు అని. ఇంగ్లీషు బైబిళ్లు చాలావరకు దాన్ని ‘సమకూరుస్తాడు’ అనే అర్థంలో రాశాయి. అలా రాస్తే కొడుకు ప్రాణం దక్కిన సంగతి తెలుస్తుంది కానీ, చూపు కనపడదు. తెలుగు బైబిల్ ‘యెహోవా పర్వతము మీద చూచుకొనును’ అంది. కంటితో చూడటం, బాధ్యత నెత్తిన వేసుకోవడం రెండూ ఆ ఒక్క మాటలో ఉన్నాయి. ఆపరేషన్ టెన్షన్‌లో ఉన్నవాళ్లకు మన ఊళ్లో ‘స్వామి చూసుకుంటాడులే’ అని ధైర్యం చెబుతారే, ఆ మాటే అది. ఈ ఒక్క చోట మన అనువాదం ఇంగ్లీషు కంటే మూలానికి దగ్గరగా ఉందని గట్టిగా చెప్పగలను.

సండే స్కూల్లో వరసగా వల్లెవేయించే మిగతా పేర్లూ చాలావరకు ఇలాంటివే. ‘యెహోవా నిస్సీ’ అమాలేకీయులతో యుద్ధం తర్వాత ఇశ్రాయేలీయుల నాయకుడు మోషే కట్టిన బలిపీఠం పేరు. ‘యెహోవా షాలోం’ గిద్యోను కట్టిన బలిపీఠానిది. ‘యెహోవా షమ్మా’ యెహెజ్కేలు గ్రంథం చివరి మాట, ఒక పట్టణం పేరు. ఎవరికో కష్టం వచ్చింది, గట్టెక్కారు, ఆ చోటికి పేరు పెట్టారు. ఆపదమొక్కులవాడు అనే మాట పుట్టిన ఊరివాళ్లకు ఇది విడమరిచి చెప్పాల్సిన పని లేదు.

మరి ‘యెహోవా’ సంగతి? హీబ్రూలో అది య, హ, వ, హ అనే నాలుగు హల్లులు. పాత నిబంధనలో 6,800 సార్లకు పైగా వస్తుంది. నిర్గమకాండము 3వ అధ్యాయంలో మండే పొద దగ్గర మోషే పేరు అడిగితే, ‘నేను ఉన్నవాడను అను వాడనై యున్నాను’ అని జవాబు వస్తుంది. ఉండటం అనే క్రియతో ఆ పేరును ముడిపెట్టిన చోటు ఇది. ఆ మాట చేరవలసింది ఐగుప్తులో, అంటే ఈజిప్టులో, వెట్టిచాకిరీ చేస్తున్న ఇశ్రాయేలు బానిసలకు. అన్యాయమైపోయినవాళ్లు ‘దేవుడున్నాడు’ అంటారు చూడండి, ఆ ‘ఉన్నాడు’ ఎంత బరువైనదో ఈ పేరూ అంత బరువైనది.

ఆ పేరు మీద భక్తితో యూదులు దాన్ని పైకి పలకడం మానేశారు. చదివేటప్పుడు దాని బదులు ‘అదోనాయ్’, అంటే ‘నా ప్రభువు’ అనేవారు. తర్వాత, సుమారు 6 నుంచి 10వ శతాబ్దాల మధ్య, మసోరెతులు అనే పండితులు హల్లులకు అచ్చు గుర్తులు చేర్చారు. ఈ నాలుగు అక్షరాల దగ్గర మాత్రం, ‘అదోనాయ్ అని చదువు’ అని గుర్తుచేయడానికి ఆ మాటలోని అచ్చులు పెట్టారు. ఐరోపాలోని క్రైస్తవులు రెండింటినీ కలిపి చదివితే వచ్చిన రూపమే ‘యెహోవా’. 13వ శతాబ్దపు లాటిన్ రచనల్లో అది కనిపిస్తుంది, 1530లో ఇంగ్లీషు బైబిల్లోకి వచ్చింది. అసలు ఉచ్చారణ ‘యాహ్వే’కు దగ్గరగా ఉండేదని ఇప్పుడు ఎక్కువమంది పండితులు అంటారు. అయితే 2008లో వాటికన్, యూదుల సంప్రదాయాన్ని గౌరవిస్తూ, ఆరాధనలో ఆ ఉచ్చారణ వాడవద్దని కథోలిక సంఘాలకు లేఖ రాసింది.

తెలుగులో ఈ పని 1720లలోనే మొదలైంది. మద్రాసులో ఉన్న జర్మన్ మిషనరీ బెంజమిన్ షుల్జ్ తెలుగులోకి తెచ్చిన బైబిల్ అచ్చుకు నోచుకోలేదు. 19వ శతాబ్దం మొదట్లో విశాఖపట్నం మిషనరీలు మళ్లీ మొదలుపెట్టారు. 1818లో బెంగాల్లోని సేరంపూర్‌లో కొత్త నిబంధన అచ్చయింది. మన వైపు నుంచి చెప్పుకోవలసినవారు మదనపల్లెలో స్థిరపడిన జాకబ్ చాంబర్లేన్. తెలుగు బైబిల్ సవరణ సంఘానికి ఆయన చాలా ఏళ్లు అధ్యక్షుడు.

ఈ అనువాదకులకు ఇంగ్లీషువాళ్లకు లేని చిక్కు ఒకటి ఉంది. ఇంగ్లీషు బైబిల్ ఆ నాలుగక్షరాల పేరు వచ్చిన చోట ‘ప్రభువు’ అనే మాటను అన్నీ పెద్ద అక్షరాలతో అచ్చు వేసి, మామూలు ‘ప్రభువు’ నుంచి వేరు చేస్తుంది. తెలుగు లిపిలో పెద్ద అక్షరం, చిన్న అక్షరం లేవు. రెండు చోట్లా ‘ప్రభువు’ అంటే ఏది ఏదో తెలియదు. ‘యెహోవా’ రూపం మీద పండితులకు ఎన్ని అభ్యంతరాలున్నా, తెలుగు పాఠకుడికి ఆ తేడాను కాపాడింది ఆ మాటే.

తమిళంలో దారి వేరు. అక్కడ ఆ పేరు బదులు ‘కర్తర్’, అంటే ‘ప్రభువు’ అని పెట్టారు. ఆ తమిళం మన వైపూ ఉంది. 1911లో జిల్లా కాకముందు చిత్తూరు ఉత్తర ఆర్కాటుకు ముఖ్యపట్టణం. 1853లో మొదలైన అమెరికన్ ఆర్కాట్ మిషన్ తమిళం, తెలుగు రెండింట్లోనూ పనిచేసింది. ఇప్పటికీ రెండు భాషల బైబిళ్లూ ఉన్న ఇళ్లు ఇక్కడ ఉన్నాయి. మా ఇల్లూ అలాంటిదే. రాత్రి ప్రార్థనలో తాత 23వ కీర్తనను తమిళంలో ‘కర్తర్’ అని ఎత్తుకుంటే, అవ్వ తెలుగులో ‘యెహోవా నా కాపరి’ అనేది. ఒకే దేవుడిని ఇద్దరూ వేర్వేరుగా ఎందుకు పిలుస్తున్నారని చిన్నప్పుడు నాకు దిగులుగా ఉండేది. హీబ్రూలో రాసి ఉన్న పేరును అవ్వ పలికింది, దాని బదులు గౌరవపదం పెట్టే పాత అలవాటు తాత నోట వచ్చింది.

కొత్త నిబంధనలో అందరూ ఇంటిపేరు అనుకునే మాట ‘క్రీస్తు’. హీబ్రూలో ‘మషీయహ్’, గ్రీకులో ‘క్రిస్తోస్’, తెలుగులో అభిషిక్తుడు. ఇక్కడ జాగ్రత్త కావాలి. తిరుమలలో శుక్రవారం అభిషేకం జరుగుతుంది, అది దేవుడికి జరిగేది. ఇశ్రాయేలులో నూనె పోసింది మనిషి తలమీద, రాజునో యాజకుడినో ఒక పనికి నియమించడానికి. యెషయా 45లో పారసీక రాజు కోరెషును కూడా, అతడు ఆ దేవుణ్ణి ఎరగకపోయినా, అభిషిక్తుడనే అన్నారు.

ఇంకో మాట దగ్గర తెలుగు చదువరికి దారి తప్పుతుంది. సువార్తల్లో యేసు తనను ‘మనుష్యకుమారుడు’ అంటాడు. దానియేలు 7లో మేఘాల మీద వచ్చేవాడికీ ఆ మాటే ఉంది, ఆ లంకె బాగానే తెలుస్తుంది. కానీ యెహెజ్కేలు ప్రవక్తను దేవుడు 90 సార్లకు పైగా పిలిచిన పిలుపు తెలుగులో ‘నరపుత్రుడా’ అయింది. మూలంలో అదీ మనుష్యకుమారుడే. మహిమ ఒక పుస్తకం నుంచి, మట్టిమనిషి ఇంకో పుస్తకం నుంచి ఆ ఒక్క మాటలోకి వచ్చి కలిశాయి. మనకు రెండోది వినపడదు.

అన్నిటికంటే నన్ను పట్టి ఆపే పేరు ఒకటుంది. ఆటోల మీద మాత్రం ఎప్పుడూ చూడలేదు. బైబిల్లో దేవుడికి మొదట పేరు పెట్టిన మనిషి అబ్రాహామూ కాదు, మోషే కూడా కాదు. హాగరు అనే ఐగుప్తు దాసి. గర్భవతిగా ఉండగా యజమానురాలు, అబ్రాహాము భార్య శారయి పెట్టే బాధలు పడలేక ఎడారిలోకి పారిపోయింది. నీటి బుగ్గ దగ్గర దేవదూత ఆమెను పేరు పెట్టి పిలిచాడు. అంతకుముందు ఆ కథలో యజమానులిద్దరూ ఆమెను దాసి అన్నారే తప్ప పేరుతో పిలవలేదు. ఆమె ‘ఎల్ రోయీ’ అంది. తెలుగులో ‘చూచుచున్న దేవుడవు నీవే’. మోరీయా కొండ మీద అబ్రాహాము పలికిన పేరులో ఉన్నదీ ఈ చూపే. అతని కంటే 6 అధ్యాయాల ముందే ఆమె పలికింది. ఆ బావికి బెయేర్ లహాయిరోయి అని పేరు నిలిచింది. తండ్రి చనిపోయిన తర్వాత ఇస్సాకు, ఆ యజమానురాలి కొడుకు, వెళ్లి కాపురం పెట్టింది ఆ బావి దగ్గరే.