చీట్ కోడ్ పెట్టి ఇల్లు కడితే తప్పేంటి? (అపోహలు - వాస్తవాలు)

సిమ్స్ 4 అనే వీడియో గేమ్‌లో (సిమ్ అనే బొమ్మ మనుషులకి ఇళ్లు కట్టి, వాళ్ల బతుకు నడిపే ఆట) ఇళ్లు కట్టి, ఆడేవాళ్లు తమ కట్టడాలు పంచుకునే గ్యాలరీలో పెడుతుంటాను. చూసినవాళ్లు ఇల్లు ఎలా ఉందో చెప్పకముందే "చీట్స్ వాడావా?" అని అడుగుతారు, అంటే గేమ్ పెట్టే అడ్డుల్ని తీసేసే కోడ్స్ అన్నమాట. వాడాను, కొత్తగా కట్టడం మొదలుపెట్టినవాళ్లని కూడా వాడమనే చెప్తాను.

అపోహ: చీట్ అంటే మోసమేగా

ఆన్‌లైన్లో ఎదురుగా ఇంకో మనిషి ఆడుతుంటే మోసమే, అక్కడ నేనూ ఒప్పుకోను. ఒక్కళ్లమే కూర్చుని ఆడుకునే గేమ్‌లో ఎవరికి నష్టం? అసలు చాలా కోడ్స్ గేమ్ చేసేవాళ్లు టెస్టింగ్ కోసం పెట్టుకున్నవే. అందరూ చెప్పుకునే కొనామి కోడ్ (బటన్లు ఒక వరుసలో నొక్కితే పనిచేసే పాత చీట్) కూడా అంతే, 1986 లో గ్రేడియస్ అనే షూటింగ్ గేమ్‌ని ఇంటి కన్సోల్‌కి తెచ్చేటప్పుడు అది మరీ కష్టంగా ఉందని, టెస్ట్ చేయడానికి కొనామి కంపెనీ ప్రోగ్రామర్ కజుహిసా హషిమోటో పెట్టుకున్నారు.

అపోహ: సంపాదించి కడితేనే అసలైన ఆట

ఒక్క సిమ్‌తో మొదలుపెడితే చేతిలో ఉండేది 20,000 సిమోలియన్లు (గేమ్‌లో డబ్బు), చిన్న ఇల్లు లేపి మంచం, స్టవ్ పెట్టేసరికి దాదాపు అయిపోతాయి. అక్కణ్నుంచి పైసా పైసా కూడబెట్టి ఆడటం కూడా మంచి ఆటే, కాదనట్లేదు, కానీ అది వేరే ఆట. సిమ్స్ సృష్టికర్త విల్ రైట్ ఇల్లు 1991 లో అమెరికాలోని ఓక్లాండ్ మంటల్లో కాలిపోయింది, మళ్లీ అన్నీ సమకూర్చుకుంటున్నప్పుడు వచ్చిన ఆలోచనే సిమ్స్, మొదట్లో అది ఇళ్లు డిజైన్ చేసే గేమ్, మనుషుల్ని పెట్టింది ఆ ఇల్లు బాగుందో లేదో తేల్చడానికే. కాబట్టి మదర్‌లోడ్ అనే డబ్బు చీట్ కొట్టి 50,000 తెచ్చుకుని నేరుగా కట్టడంలోకి దిగితే ఏ రూలూ తప్పినట్టు కాదు. ఇంకోటి, మేనేజ్ వరల్డ్స్ మెనూ నుంచి ఎవరూ లేని ఖాళీ స్థలం తెరిస్తే అక్కడ డబ్బు లెక్కే ఉండదు, చీట్ కూడా అక్కర్లేదు, చాలామందికి ఇది తెలీదు.

అపోహ: చీట్ ఉంటే ఎవరైనా కట్టేస్తారు

నాకు బాగా బాధనిపించేది ఇదే. గోదావరి జిల్లాల మండువా లోగిలి కట్టి చూడండి. మధ్యలో ఆకాశం కనపడాలి, నాలుగు వైపులా కప్పు లోపలికి వాలాలి, గేమ్ ఇచ్చే మామూలు కప్పులన్నీ బయటికే వాలతాయి కాబట్టి ఒకవైపే వాలే కప్పులు నాలుగు విడివిడిగా వేసి, మూలల్లో అవి కలిసేలా ఓపిగ్గా సర్దాలి, ముందు అరుగుకి ప్లాట్‌ఫామ్ వేసి స్తంభాలు నిలబెట్టాలి. తులసికోట గేమ్‌లో దొరకదు, వస్తువుల్ని ఎక్కడైనా పెట్టనిచ్చే మూవ్ ఆబ్జెక్ట్స్ చీట్ ఆన్ చేసి, చిన్న దిమ్మె మీదకి మొక్కని 9 కీతో పైకి లేపి, షిఫ్ట్ పట్టుకుని బ్రాకెట్ కీతో సైజు తగ్గిస్తే వస్తుంది. చీట్ ఇక్కడ చేసింది అడ్డు తీయడమే, అరుగు ఎంత ఎత్తుండాలి, వెలుగు ఎటునుంచి పడాలి అన్నది మీ కంటికి తెలియాలి. డబ్బు అంతులేకుండా ఉంటే పెద్ద పెద్ద ఖాళీ హాళ్లు కట్టేయడమే ఎక్కువ, అందుకే స్థలం మాత్రం చిన్నది తీసుకోమంటాను.

అపోహ: చీట్స్ వల్ల గేమ్ పాడవుతుంది

గేమ్‌లోనే ఉన్న చీట్‌కీ ఆడేవాళ్లు తయారుచేస్తే బయటినుంచి దించుకున్న మాడ్‌కీ తేడా ఉంది, అప్‌డేట్ వచ్చినప్పుడు పనిచేయకుండా పోయేవి ఎక్కువగా స్క్రిప్ట్ మాడ్లు (గేమ్ పనిచేసే తీరునే మార్చే మాడ్లు). కాకపోతే మూవ్ ఆబ్జెక్ట్స్‌తో వస్తువుల్ని మరీ ఇరికిస్తే సిమ్ దారి దొరక్క చేతులు ఊపుతూ నిలబడిపోతుంది. తలుపుల ముందు, కుర్చీల చుట్టూ జాగా వదలండి.

అపోహ: అచీవ్‌మెంట్స్ పోతాయి

అచీవ్‌మెంట్స్ అంటే ఆటలో సాధించినదానికి గేమ్ ఇచ్చే పతకాలు, అవి పోతాయా లేదా అన్నది గేమ్‌ని బట్టి. మైన్‌క్రాఫ్ట్ గేమ్ బెడ్‌రాక్ వెర్షన్‌లో ఒక్కసారి చీట్స్ ఆన్ చేస్తే ఆ వరల్డ్‌కి ఇక రావు, సిమ్స్ 4 కన్సోల్‌లో కూడా ఆ సేవ్‌కి ఆగిపోతాయి. కట్టడానికి వేరే సేవ్ పెట్టుకుంటే గొడవ లేదు. గ్యాలరీలో పెట్టేటప్పుడు మాత్రం మూవ్ ఆబ్జెక్ట్స్ వాడానని డిస్క్రిప్షన్లో రాయండి, అది ఆన్ చేయకుండా దించుకుంటే సగం వస్తువులు మాయమవుతాయి.